మొదటి లేన్‌లోంచి ప్రపంచ రికార్డు: ఉగాండా హర్డిలర్ జాన్ అకీ-బువా గురించి తెలిసినవాళ్లు చెప్తారా?

మూడోమలుపు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి నిద్ర పట్టక పాత ఒలింపిక్స్ పరుగులు చూస్తూ కూర్చున్నాను. నేను వెతికింది బ్రిటన్ ఆటగాడు డేవిడ్ హెమరీ కోసం. 1968 మెక్సికోలో 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ రికార్డుతో గెలిచాడు కదా, నాలుగేళ్ల తర్వాత మ్యూనిక్‌లో ఏం చేశాడో నాకు గుర్తులేదు, అందుకని 1972 ఫైనల్ పెట్టాను. మొదటి సగం హెమరీదే. ఇక గెలిచేస్తాడు అనుకుంటున్నాను. చివరి మలుపులో, అన్నిటికన్నా లోపలున్న లేన్‌లోంచి ఒక పొడుగాటి కుర్రాడు వచ్చి, ఎక్కడా తడబడకుండా, పక్కవాళ్లతో తనకేం పని లేనట్టు ముందుకెళ్లిపోయాడు. చివరి నలభై మీటర్లలో అతని దగ్గరికి ఎవరూ రాలేదు.

నన్ను కదిలించింది గెలుపు కూడా కాదండీ, దాని తర్వాతిది. 400 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తినవాళ్లు గీత దాటగానే కుప్పకూలిపోవడమే నేను చూశాను. ఇతను ఆగలేదు. చిన్న జెండా పట్టుకుని స్టేడియం చుట్టూ పరిగెడుతూ, ఎదురుగా హర్డిల్ లేకపోయినా ఉన్నట్టు ఎగిరి దూకుతున్నాడు. అది చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లాయి, ఎందుకో చెప్పలేను.

పేరు జాన్ అకీ-బువా, ఉగాండా. టైము 47.82 సెకన్లు, ప్రపంచ రికార్డు. ఇన్నేళ్లుగా అథ్లెటిక్స్ చూస్తున్నాను, కెన్యా కిప్ కీనో తెలుసు, ఇథియోపియా అబెబె బికిలా తెలుసు, ఈయన పేరు మాత్రం ఒక్కసారి కూడా తగల్లేదు. సిగ్గుగానే ఉంది. మొదటి లేన్‌లోంచి గెలవడం అంత గొప్పా? ఆఫ్రికా అంటే దూరపు పరుగులే అనుకునే రోజుల్లో ఈయన హర్డిల్స్‌లోకి ఎలా వచ్చాడు? ఆ తర్వాత ఏమైపోయాడు? ఎవరికి ఎంత తెలిస్తే అంత రాయండి, పొడుగైనా ఫర్వాలేదు, చదువుతాను.

పాత హర్డిలర్

మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసిందండీ. నేను కాలేజీ రోజుల్లో మూడేళ్లు ఇదే పోటీ పరిగెత్తాను, పెద్దగా సాధించిందేమీ లేదు కానీ నా ఎడమ మోకాలి మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకని మొదటి లేన్ సంగతి నేను చెప్తాను, మిగతా కథ తెలిసినవాళ్లు ఇక్కడ వేరే ఉన్నారు.

ముందు లెక్క చూడండి. మొదలుపెట్టిన చోటు నుంచి మొదటి హర్డిల్ 45 మీటర్లు. ఆ తర్వాత ఒక్కో హర్డిల్‌కీ మధ్య 35 మీటర్లు, మొత్తం పది హర్డిల్స్, చివరిది దాటాక ఇంకో 40 మీటర్లు. మగవాళ్లకి హర్డిల్ ఎత్తు 91.4 సెంటీమీటర్లు. ఎత్తు పెద్ద సమస్య కాదు. ఆ 35 మీటర్లలో ఎన్ని అడుగులు వేస్తావన్నదే ఈ పోటీ అంతా. బేసి సంఖ్యలో వేస్తే, అంటే 13 గానీ 15 గానీ, ప్రతిసారీ ఒకే కాలు ముందు పెట్టి దూకుతావు. సరి సంఖ్యలో, 14 వేశావనుకోండి, ఈసారి ఎడమ కాలు ముందుంటే వచ్చేసారి కుడి కాలు. చాలామందికి రెండో కాలితో దూకడం రాదు. అలసట వచ్చి అడుగు చిన్నదైపోగానే 13 నుంచి ఏకంగా 15కి పడిపోతారు, అక్కడ వేగం చచ్చిపోతుంది. హెమరీ కూడా ఆరో హర్డిల్ దాకా 13 వేసి తర్వాత 15కి మారేవాడు. అకీ-బువాకి రెండు కాళ్లూ ఒకేలా పనిచేసేవి. ఏ కాలు వస్తే ఆ కాలితో దూకగలడు. అది వరం అంటారు కొందరు, నేను ఒప్పుకోను. పుట్టుకతో కొంత ఉండొచ్చు, మిగతాది వేలసార్లు చేస్తేనే వస్తుంది. నేను ఒక సీజన్ మొత్తం ప్రయత్నించాను, కుడి కాలు ముందు పెట్టేసరికి నడుము పక్కకి తిరిగిపోయేది, వెనక వచ్చే మోకాలు చెక్కకి కొట్టుకునేది. మచ్చలు అవే.

ఇక లేన్. లోపలి లేన్‌లో మలుపు అన్నిటికన్నా ఇరుకు. మలుపులో ఒళ్లు ఎడమకి వాలుతుంది కాబట్టి, అక్కడ ఎడమ కాలు ముందు పెట్టి దూకేవాడికి సుఖం, లేన్ లోపలి అంచు పట్టుకుని పోవచ్చు. కుడి కాలు ముందు పెడితే వెనక వచ్చే ఎడమ కాలు హర్డిల్ పక్కనుంచి జారిపోయే ప్రమాదం ఉంది, అలా జారితే పోటీలోంచి తీసేస్తారు. ఆ భయంతో లేన్ మధ్యలోంచి పరిగెత్తాలి, అంటే దూరం పెరుగుతుంది. పొడుగాటి కాళ్లున్నవాడికి ఈ ఇరుకు మలుపు మరీ కష్టం, అకీ-బువాది ఆరడుగుల పైన ఎత్తు. ఆ రోజుల్లో ఏ లేన్ వస్తుందన్నది చాలావరకు అదృష్టం, ఇప్పటిలా ముందు రౌండ్లలో బాగా పరిగెత్తినవాళ్లకి మధ్య లేన్లు ఇచ్చే పద్ధతి కాదు. ఒక్క లాభం ఉంది. మొదటి లేన్‌లో ఉన్నవాడికి అందరూ ముందే కనబడతారు, ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. అదే నష్టం కూడా. పరుగు మొదలయ్యే ముందే ఏడుగురు నీకన్నా ముందు నిలబడి ఉంటారు, మనసు దడదడలాడుతుంది, మొదటి మలుపులోనే అందుకోవాలని తొందరపడి ఊపిరంతా ఖర్చు చేసేస్తావు. అతను ఆ తొందర పడలేదు. హెమరీని ముందుకి పోనిచ్చి, తన లయ తను పట్టుకుని, చివరి మలుపులో అందుకున్నాడు. ఈ ఓపిక 22 ఏళ్ల వయసులో, ఒలింపిక్ ఫైనల్‌లో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

స్కోర్‌బోర్డ్

పై జవాబు అద్భుతం. నేను అంకెల మనిషిని కాబట్టి కొన్ని కలుపుతాను.

ఫైనల్ 1972 సెప్టెంబర్ 2న. అకీ-బువా 47.82, అమెరికాకి చెందిన రాల్ఫ్ మాన్ 48.51, హెమరీ 48.52. రెండో, మూడో స్థానాల మధ్య తేడా సెకనులో నూరో వంతు, మొదటి, రెండో స్థానాల మధ్య 0.69. ఒలింపిక్ ఫైనల్‌లో, అందులోనూ పాత ప్రపంచ రికార్డు మనిషి అదే పోటీలో పరిగెడుతుంటే, ఇది చాలా పెద్ద దూరం. 48 సెకన్ల లోపు వచ్చిన మొదటి మనిషి ఇతనే.

ఇంకో విషయం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. హెమరీ పాత రికార్డు 48.12 మెక్సికో సిటీలో వచ్చింది, సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పల్చన, ఒక్క చుట్టు పరుగుకి అది కలిసొస్తుంది. ఆ ఒలింపిక్స్‌లో పొట్టి పరుగుల్లో, దూకుళ్లలో రికార్డులు కుప్పలుగా పడింది అందుకే. మ్యూనిక్ ఎత్తు 500 మీటర్ల చిల్లర మాత్రమే. ఆ సాయం ఏమీ లేకుండా, మొదటి లేన్‌లో ఉండి, రికార్డులోంచి 0.30 కోసేశాడు. నా లెక్కలో ఆ రికార్డు అంకె చెప్పేదానికన్నా గొప్పది.

ఒక సవరణ కూడా. చాలాచోట్ల "800 మీటర్ల లోపు పరుగులో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి ఆఫ్రికన్" అని రాస్తుంటారు. అలా రాస్తే తప్పు. దక్షిణాఫ్రికాకి చెందిన రెజీ వాకర్ 1908లో 100 మీటర్లు, బెవిల్ రడ్ 1920లో 400 మీటర్లు, సిడ్ అట్కిన్సన్ 1928లో 110 మీటర్ల హర్డిల్స్ గెలిచారు. నల్లజాతి ఆఫ్రికన్లలో మొదటివాడు అకీ-బువా అనాలి. ఉగాండా వరకైతే ఏ ఆటలోనైనా ఇదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. అంతకుముందు వాళ్లకి వచ్చినవి 1968లో బాక్సింగ్ పతకాలే.

మూడోమలుపు

పాత హర్డిలర్ గారూ, అడుగుల లెక్క ఇంత వివరంగా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీ జవాబు చదివి వీడియో మళ్లీ పెట్టి ఈసారి కాళ్లు మాత్రమే చూశాను. ఇదే పరుగు కాదేమో అనిపించింది, అంత తేడా. చాలా థాంక్స్ అండీ. ఆయన చిన్నతనం, శిక్షణ గురించి ఎవరికైనా తెలుసా? తర్వాత ఏమైందో కూడా చెప్పండి. ఉగాండా, 1972 అంటే నియంత ఇదీ అమీన్ కాలం కదా, అదే టెన్షన్‌గా ఉంది.

రాత్రి రేడియో

చిన్నతనం నేను చెప్తాను. పుట్టింది 1949 డిసెంబర్‌లో, ఉత్తర ఉగాండాలోని లాంగో ప్రాంతంలో, లిరా వైపు. తండ్రి అక్కడి స్థానిక పెద్ద, ఎనిమిది మంది భార్యలు, నలభై మూడు మంది పిల్లలు అని చెప్తారు. అంతమందిలో ఒకడు. పశువులు కాసుకుంటూ పెరిగాడు. పదిహేను, పదహారేళ్ల వయసులో తండ్రి పోయాడు, చదువు ఆగిపోయింది. కొన్నాళ్లు ఏవో పనులు చేసి, కంపాలా వచ్చి పోలీసు ఉద్యోగంలో చేరాడు. పరుగు దొరికింది అక్కడే.

పోలీసు జట్టులో జోరెమ్ ఒచానా అని ఒక శిక్షకుడు ఉండేవాడు, ఆయన కూడా హర్డిలరే. హర్డిల్ మీద బాగా ఎత్తుకి ఎగిరితే టైము పోతుంది, తల కిందకి ఉంచి చెక్కని రాసుకుంటున్నట్టు దాటాలి. అది నేర్పడానికి ఒచానా హర్డిల్‌కి పైన కొంచెం ఎడంగా ఇంకో అడ్డకర్ర పెట్టేవాడట. తల ఎత్తావా, కర్ర తగులుతుంది. కింద చెక్క, పైన కర్ర, మధ్యలో ఉన్న సందులోంచి మనిషి దూసుకుపోవాలి. ఆ శిక్షణ తాలూకు మచ్చ తన నుదుటి మీద ఉందని అకీ-బువా తర్వాత చెప్పుకున్నాడు. పాత హర్డిలర్ గారి మోకాలి మచ్చలు చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

తర్వాత 1968లో ఇంగ్లండ్ నుంచి మాల్కం ఆర్నాల్డ్ అనే కోచ్ ఉగాండా వచ్చాడు, వయసు 28. అప్పటికి అకీ-బువాది 110 మీటర్ల హర్డిల్స్. అతన్ని 400కి మార్చింది ఆర్నాల్డే. 1970 ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో నాలుగో స్థానం, పతకం చేతికందినట్టే అంది పోయింది. మరుసటి ఏడాది అమెరికాలో 49.0 పరిగెత్తేసరికి ప్రపంచం తల తిప్పి చూసింది. మ్యూనిక్ ముందు చేసిన సాధన మామూలుది కాదు. బరువులు కుట్టిన చొక్కా తొడుక్కుని, 110 మీటర్ల పోటీలో వాడే ఎత్తు హర్డిల్స్ (106.7 సెంటీమీటర్లు, అంటే తన పోటీలో ఉండేవాటికన్నా సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువ) దాటుతూ పొడుగు పరుగులు, అది కాక కొండ ఎక్కే పరుగులు. ఆ చొక్కా విప్పేసి మామూలు హర్డిల్ ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గెలిచాక ఎదురుగా లేని హర్డిల్స్ దూకుతూ తిరిగాడని మీరు రాశారు చూడండి, ఆ కాళ్లలో ఇంకా అంత బలం మిగిలి ఉండటం నాకేమీ ఆశ్చర్యం కాదు.

స్కోర్‌బోర్డ్

ఆర్నాల్డ్ గురించి ఒక్క మాట. ఆయన తర్వాత వేల్స్‌లో పనిచేసి కోలిన్ జాక్సన్‌ని తయారుచేశాడు, 1993లో 12.91తో 110 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ రికార్డు పెట్టిన జాక్సనే. 2011లో 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ చాంపియన్ డాయ్ గ్రీన్ కూడా ఆయన శిష్యుడే. కంపాలాలో మొదలైన పని అది.

నైలు ఒడ్డు

అమీన్ సంగతి నేను రాస్తాను. ఈ కథలో అందరూ తప్పు చెప్పేది ఇక్కడే, "పాపం అమీన్ వల్ల నాశనమైపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంత తేలిక కాదు.

అమీన్ 1971 జనవరిలో సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కాడు. దించింది అప్పటి అధ్యక్షుడు మిల్టన్ ఒబోటేని. ఒబోటే లాంగో తెగ మనిషి, అకీ-బువా కూడా లాంగో. అధికారం చేతికి రాగానే అమీన్ సైన్యంలోని లాంగో, అచోలీ తెగల వాళ్లని వందల్లో చంపించాడు. అంటే అకీ-బువా బరువు చొక్కా తొడుక్కుని కొండలు ఎక్కుతున్న రోజుల్లో అతని సొంత జనం మాయమైపోతున్నారు. 1972 ఆగస్టు 4న అమీన్ ఉగాండాలోని ఆసియా వాళ్లని 90 రోజుల్లో దేశం వదిలిపొమ్మన్నాడు. వాళ్లలో ఎక్కువమంది మన దేశం నుంచి తరాల కిందట వెళ్లి అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. మ్యూనిక్ ఫైనల్ జరిగిన సెప్టెంబర్ 2 ఆ 90 రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు ఉగాండా జెండాని ప్రపంచమంతా చూస్తూ చప్పట్లు కొడుతుంటే, అదే జెండా కింద వేలమంది ఒక్కో పెట్టె సర్దుకుంటున్నారు. ఈ రెండూ ఒకేసారి జరిగాయి, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని మర్చిపోవడం నాకు చేతకాదు. దానికి అకీ-బువా చేసిన తప్పేమీ లేదు. అతను మోసింది దేశం జెండా, అమీన్ ఫొటో కాదు.

అసలు ఆ ఒలింపిక్స్‌కి ఆఫ్రికా జట్లు ఉంటాయో లేదో కూడా చివరిదాకా తేలలేదు. తెల్లవాళ్ల పాలనలో ఉన్న రొడీషియాని (ఇప్పటి జింబాబ్వే) ఆడనిస్తే మేం వెళ్లిపోతామని ఆఫ్రికా దేశాలు పట్టుబట్టాయి. ఆరంభోత్సవానికి నాలుగు రోజుల ముందు, ఆగస్టు 22న, రొడీషియాకి ఇచ్చిన ఆహ్వానం వెనక్కి తీసుకున్నారు. అది జరగకపోయుంటే మీరు చూసిన ఆ పరుగు ఉండేదో లేదో. ఫైనల్ అయిన మూడు రోజులకే ఇజ్రాయెల్ జట్టు మీద దాడి జరిగింది, మ్యూనిక్ అంటే లోకానికి అదే గుర్తుండిపోయింది. అలా కావడం సహజమే. మీరు ఈయన పేరు ఎందుకు వినలేదన్నదానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటాను.

గెలిచి వచ్చాక అమీన్ అతన్ని నెత్తిన పెట్టుకున్నాడు. పోలీసు శాఖలో పదోన్నతి, ఇల్లు. కంపాలాలో ఒక రోడ్డుకి అతని పేరు. నియంతకి ఇలాంటి మనిషి కావాలి కదా, లాంగో వాళ్లని చంపుతున్నానంటారేమిటి, ఇదిగో చూడండి అని చూపించుకోవడానికి. ఆ ఇంట్లో కూర్చున్న మనిషికి రాత్రిళ్లు నిద్ర ఎలా పట్టేదో!

1973లో లాగోస్ ఆఫ్రికా క్రీడల్లో మళ్లీ స్వర్ణం గెలిచాడు. ఆర్నాల్డ్ అప్పటికే ఉగాండా వదిలి వెళ్లిపోయాడు. ఇక 1976. న్యూజిలాండ్ రగ్బీ జట్టు వర్ణవివక్ష దక్షిణాఫ్రికాలో ఆడటానికి వెళ్లింది, దానికి నిరసనగా ఇరవైకి పైగా దేశాలు, ఎక్కువగా ఆఫ్రికావి, మోంట్రియల్ ఒలింపిక్స్‌కి దూరంగా ఉన్నాయి. అందులో ఉగాండా ఒకటి. అకీ-బువా పరిగెత్తలేదు. ఆ ఫైనల్‌లో ఎడ్విన్ మోజెస్ అనే అమెరికా కుర్రాడు గెలిచి అకీ-బువా ప్రపంచ రికార్డు చెరిపేశాడు.

మూడోమలుపు

ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తెలియలేదండీ. మోజెస్ మొదటి ఒలింపిక్స్, రికార్డు పట్టుకున్న మనిషి ఎక్కడో దూరంగా. ఇద్దరూ ఒక ఒలింపిక్ ఫైనల్‌లో పక్కపక్క లేన్లలో ఉండుంటే? అలాంటి పరుగు జరగలేదని తెలిస్తే మనసుకి కష్టంగా ఉంది. బహిష్కరణ తప్పు అనలేను, వర్ణవివక్ష మీద గొంతెత్తడానికి ఆ దేశాలకి ఇంకేం దారి ఉంది. కానీ ఆ ఖరీదు కట్టింది పరిగెత్తేవాళ్లే.

నైలు ఒడ్డు

అవును, కట్టింది వాళ్లే. మిగతాది కూడా రాసేస్తాను.

1979లో టాంజానియా సైన్యం, ఉగాండా తిరుగుబాటుదారులు కలిసి వచ్చారు, ఏప్రిల్‌లో కంపాలా పడిపోయింది. అమీన్ పారిపోయాడు. ఇప్పుడు అకీ-బువాకి ఇంకో రకం భయం. ఇన్నాళ్లూ లాంగో వాడని భయం, ఇప్పుడు అమీన్ దగ్గర పదవి, ఇల్లు తీసుకున్నవాడని అనుకుంటారేమోనని భయం. భార్యాపిల్లలతో సరిహద్దు దాటి కెన్యాకి పారిపోయాడు. ఒలింపిక్ చాంపియన్, శరణార్థుల శిబిరంలో. అక్కడున్నాడని తెలిసి జర్మనీలోని పూమా బూట్ల కంపెనీ వాళ్లు బయటికి తీయించి, జర్మనీ తీసుకెళ్లి ఉద్యోగం ఇచ్చారు. కొన్నేళ్లు అక్కడే ఉన్నాడు. 1980 మాస్కోలో ఉగాండా తరఫున పరిగెత్తి సెమీఫైనల్ దాకా వచ్చాడు, ముప్పై ఏళ్ల వయసులో, అన్ని దెబ్బల తర్వాత.

ఆ తర్వాత మళ్లీ ఉగాండాకే వెళ్లాడు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. జర్మనీలో ఉండిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. వెనక్కి వెళ్లి పోలీసు ఉద్యోగంలో చేరి పిల్లలకి శిక్షణ ఇచ్చాడు. భార్య ముందే పోయింది. 1997 జూన్ 20న కంపాలాలో చనిపోయాడు, 47 ఏళ్లు. పదకొండు మంది పిల్లలు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు.

పాత హర్డిలర్

అందరూ బాగా రాశారు. ఒక్కటి మాత్రం నాకు గుచ్చుకుంటూ ఉంటుంది, చెప్పాలి. ఈయన గురించి ఎక్కడ చదివినా విషాద గాథ అన్నట్టే ఉంటుంది. విషాదం ఉంది, కాదనను. నైలు ఒడ్డు గారు చెప్పింది చదివితే గొంతు పట్టేసింది నాకు కూడా. కానీ పరుగు పక్కకి పోయి అమీన్ ముందుకి వస్తాడు, ప్రతిసారీ. ఆ 47.82 సెకన్లు అమీన్ ఇచ్చినవి కావు, అతను తీసుకోగలిగినవీ కావు. హర్డిల్ నేర్చుకునే పిల్లలకి నేను ఎప్పుడైనా ఈ వీడియో చూపిస్తే రాజకీయం గురించి తర్వాత చెప్తాను. ముందు చెప్పేది, ఒరేయ్, మలుపులో అతని ఎడమ భుజం చూడండి, ఎంత కిందకి ఉందో, దూకి కాలు నేల మీద పెట్టిన వెంటనే రెండో అడుగు ఎంత తొందరగా పడుతుందో చూడండి అని. హర్డిల్ దాటాక ఆగినట్టు కనబడేవాడు ఓడిపోతాడు. అతను దాటినట్టే ఉండదు, పరిగెడుతూనే ఉంటాడు.

ఇంకొకటి. ఆఫ్రికా అంటే దూరపు పరుగులే అన్నారు కదా మీరు. ఈ ఒక్క పోటీలోనే చూడండి ఆ తర్వాత ఏం జరిగిందో. 1984లో ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్ మొదటిసారి ఒలింపిక్స్‌లో పెడితే, మొట్టమొదటి స్వర్ణం మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతావకిల్‌ది, 54.61. 1988 సియోల్‌లో సెనెగల్‌కి చెందిన అమడూ దియా బా రజతం. స్వర్ణం కోసం అదే ఫైనల్‌కి వచ్చిన మోజెస్‌కి దక్కింది కాంస్యం. 1991లో జాంబియాకి చెందిన సామ్యూల్ మాటెటె ప్రపంచ చాంపియన్, అదే ఏడాది జ్యూరిక్‌లో 47.10. ఇవన్నీ అకీ-బువా వల్లే వచ్చాయని నేను అనను, ఎవరి కష్టం వాళ్లది. దారి ఉందని తెలియడం మాత్రం వేరే సంగతి కదండీ.

స్కోర్‌బోర్డ్

ఉగాండాకి రెండో ఒలింపిక్ స్వర్ణం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2012 లండన్, స్టీఫెన్ కిప్రోటిచ్, మారథాన్. సరిగ్గా 40 ఏళ్లు పట్టింది. తర్వాత టోక్యోలో 5,000 మీటర్లలో జాషువా చెప్టెగీ, స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరిగెత్తే పోటీ) పెరూత్ చెముటాయ్. చెముటాయ్ ఉగాండా నుంచి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి మహిళ. హర్డిల్స్‌లో మాత్రం ఇప్పటికీ వాళ్లకి అకీ-బువా ఒక్కడే.

ఇప్పటి ప్రపంచ రికార్డు నార్వేకి చెందిన కార్స్టెన్ వార్హోమ్‌ది, టోక్యోలో 45.94. కొత్త రకం బూట్లు, కొత్త రకం ట్రాక్. ఆ రెండు పరుగులూ పక్కపక్కన పెట్టి చూడమని నా సలహా, టైము కోసం కాదు, అడుగుల కోసం.

మూడోమలుపు

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండీ. పాత హర్డిలర్ గారూ, మీరు చెప్పిన ఎడమ భుజం ఇప్పుడే చూశాను, చివరి మలుపులో, నిజమే, దాదాపు లోపలి గీత మీదకి వాలిపోయి ఉంది. ఒక సందేహం మిగిలింది. అక్కడ ఏ కాలు ముందు పెడుతున్నాడో నెమ్మదిగా తిప్పి చూస్తున్నా నాకు స్పష్టంగా పట్టుబడటం లేదు, చిత్రం మసకగా ఉంది. మీరొకసారి చూసి ఏ హర్డిల్ దగ్గర ఏ కాలో రాసి పెడతారా? తొందరేం లేదు.

పాత హర్డిలర్

తప్పకుండా అండీ. ఆదివారం కూర్చుని పదీ రాసి పెడతాను.